ఏడు బ్యాటరీల లైటు, రెండో తరగతి చదువు

ఆ కాలంలో మా వైపు మగవాళ్లకు చేతిగడియారం లేకపోయినా రోజు గడిచేది గానీ, బ్యాటరీ లైటు లేకపోతే గడిచేది కాదు. సాగర్ కాలవ నీళ్లు వంతు ప్రకారం వచ్చేవి, ఆ వంతు పగలే రావాలని ఎక్కడా రాసిలేదు. కరెంటూ అంతే, అది ఎప్పుడొస్తే అప్పుడు పోయి మోటారు వేసుకోవాల్సిందే. మిరప చేలో అడుగు పెడితే కాలి కింద ఏముందో తెలియదు. అందుకని ప్రతి ఇంట్లో తలుపు వెనక మేకుకి ఒక లైటు వేలాడుతుండేది. అది అవసరం, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. కానీ అవసరం తీరాక కూడా లైటుని కింద పెట్టలేని మనుషులు కొందరుంటారు. అట్లాంటి వాళ్లలో ఒకాయనకి నన్నిచ్చి పెళ్లి చేశారు. పెళ్లయి నెల తిరగకముందే నాకు తెలిసిపోయింది, ఈయన మనసులో మొదటి చోటు ఖాళీ లేదని. రెండో చోటైనా నిలబెట్టుకుందామంటే నా దగ్గర ఒక దొంగతనం ఉంది. ఆ సంగతే ఇప్పుడు చెప్తున్నా.

నాకప్పుడు పందొమ్మిదేళ్లు. మాది నూజెండ్ల పక్కన మెట్ట ఊరు. నన్నిచ్చింది దాచేపల్లికి ఇవతల, చుట్టూ నాపరాళ్లు పాతిన దొడ్లుండే ఊరు. పెళ్లిచూపుల్లో మా అత్త, "పిల్ల ఏం చదివింది?" అని అడిగితే మా నాయన ఒక్క క్షణం పైన వాసాల వంక చూసి, "ఏడు" అన్నాడు. నేను చదివింది రెండు. ఆ రెండులో కూడా చానా భాగం తమ్ముణ్ణి చంకనేసుకుని బడి గుమ్మం బయటే చదివాను. వాళ్లు వెళ్లిపోయాక, "ఏంది నాయనా, ఏడన్నావు?" అంటే, "ఏడంటే మరీ ఎక్కువా కాదు, మరీ తక్కువా కాదు. కోడలికి ఎవరు పరీక్ష పెడతారులేమ్మా" అన్నాడు. మా నాయన అబద్ధాల మనిషి కాదు. ఊళ్లో గట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ములు విడిపోయినా ఆయన్నే పిలుస్తారు. ఆయన ఇటంటే ఇటు, అటంటే అటు. జన్మకి ఒకే ఒక్క అబద్ధం ఆడాడు, అదీ నా కోసం. అది బయటపడితే ఆయన ముఖం ఎట్టా ఎత్తుకుంటాడో అన్నదే నా దిగులు. అన్నం ముద్ద గొంతు దిగేది కాదు.

దానికి తోడు మా అత్త. ఆమెకి ఒక్క అక్షరం రాదు. రాదు కాబట్టి చదువుకున్న కోడలంటే ఆమెకి బంగారం. బావి దగ్గర, రేవు దగ్గర, బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషికి కూడా, "మా కోడలు ఏడు చదివింది" అని చెప్పేది. ఎవరైనా ఉత్తరం పట్టుకుని వస్తే నేను పొయ్యి మీద పాలు పొంగుతున్నాయనో, కళ్లు మండుతున్నాయనో తప్పించుకునేదాన్ని. (ఆ ఏడాది మా ఇంట్లో పొంగినన్ని పాలు ఏ ఇంట్లోనూ పొంగి ఉండవు, ఉన్నది ఒక్క గేదె.)

ఇక లైట్ల సంగతి. మా ఊళ్లో ఈ పిచ్చి ముగ్గురికి ఉండేది. ఒకరు మా ఆయన. రెండో మనిషి మా ఆడబిడ్డ మొగుడు. నాకు అన్న వరస, సిమెంటు లారీ తోలేవాడు, అందుకని లారీ అన్నయ్య అనేవాళ్లం. ఆయన బొంబాయి దాకా పోయి వచ్చినప్పుడల్లా తళతళలాడే కొత్త లైటు తెచ్చేవాడు. మూడో మనిషి స్టవ్ బాబాయ్. సాయిబులు, దాచేపల్లి బస్టాండు దగ్గర స్టవ్వులు, బ్యాటరీ లైట్లు బాగుచేసే చిన్న కొట్టు ఉండేది, ఇల్లు మాత్రం మా వీధి చివరే. ఆయన చేతిలో ఎప్పుడూ ఒకటే లైటు, మూడు బ్యాటరీలది, అంచులు సొట్టలు పోయింది. బల్బు చుట్టూ అద్దంలా మెరిసే గిన్నెని మాత్రం ఆయన తప్ప ఇంకొకరు ముట్టుకోకూడదు. "పువ్వుతో తుడిచినా గీత పడుద్ది" అనేవాడు, ఎంతో గంభీరంగా.

మా ఆయన ఏం చేశాడంటే, రెండు లైట్లు కోసి, గురజాలలో రేకుపని వాడి చేత అతికించి ఏడు బ్యాటరీల లైటు చేయించాడు. మోచేతి కంటే పొడుగు. మా అత్త దాన్ని రోకలి అనేది. "ఒరేయ్, నీ రోకలి తియ్యి, పడుకోవాలి." ఏడు బ్యాటరీలు మాటిమాటికీ కొనలేం గదా, అందుకని బలం తగ్గినవాటిని డాబా మీద ఎండబెట్టేవాడు. ఒక పక్క మా మిరపకాయలు, ఇంకో పక్క ఆయన బ్యాటరీలు. మధ్యలో కాపలా నేను. మబ్బు పట్టిందంటే ముందు బ్యాటరీలు లోపలికి చేర్చాలి, తర్వాతే మిరపకాయలు. ఇది ఆయన పెట్టిన రూలు.

ముగ్గురూ కూర్చుంటే ఇంకో మాట ఉండేది కాదు. "వెలుగు పరుచుకుంటే ఏం లాభం బావా, సూదిలా పోవాలి" అని మా ఆయన. "సూదిలా పోతే పామెక్కడుందో ఎట్టా తెలుస్తది?" అని లారీ అన్నయ్య. "ముందు చెయ్యి ఒణక్కుండా పట్టుకోండయ్యా" అని బాబాయ్. ఎవరి లైటు దూరం పోతుందో తేలాలంటే ఒక పద్ధతి పెట్టుకున్నారు. మా గొడ్లచావిడికి, కాలవ కట్టకి మధ్య చేను ఖాళీగా ఉండేది. ముగ్గురూ కట్ట మీద నిలబడి ఒకరి తర్వాత ఒకరు లైటు వేస్తారు. చావిడి దగ్గర ఒక మనిషి లైటుకి వీపు పెట్టి నిలబడి, ఆ వెలుగులో కాయితం పట్టుకుని గట్టిగా చదవాలి. ఎక్కడ అక్షరం కనపడదో అక్కడ ఆపాలి. ఎక్కువ చదివించిన లైటు గెలిచినట్టు. కాయితం కూడా ఎప్పుడూ ఒకటే, పత్తి మందు డబ్బాతో వచ్చిన పెద్దక్షరాల కాయితం. దాన్ని మా ఇంట్లో దూలం సందున దాచేవాళ్లు, పొలం దస్తావేజుల పక్కన.

చదివే పని బడి పంతులుగారిది. ఆయన నిక్కచ్చి మనిషి, ఒత్తు కనపడకపోయినా ఆపేవాడు. ఆయనకి క్రోసూరు బదిలీ అయింది. అప్పటినుంచి పోటీ ఆగిపోయింది. ముగ్గురిలో ఒకరు చదువుతారంటే మిగతా ఇద్దరికీ నమ్మకం లేదు. రెండు వారాలు ముగ్గురూ ఇంట్లో మనిషి పోయినంత దిగులుగా తిరిగారు. ఒకరోజు అరుగు మీద కూర్చుని ఇదే మాట అనుకుంటుంటే మా అత్త లోపల్నుంచి వచ్చి, "ఇంట్లో ఏడు చదివిన మనిషిని పెట్టుకుని ఊరంతా వెతుకుతారేందిరా?" అంది.

నేను కవ్వం పట్టుకుని ఉన్నా. కవ్వం ఆగిపోయింది.

"ఆడపిల్ల గొంతు కట్ట దాకా వినపడుద్దా?" అన్నాడు లారీ అన్నయ్య.

"మెట్ట చేలో పెరిగిన గొంతు. దాచేపల్లి దాకా వినపడుద్ది" అంది అత్త.

మా ఆయన నా వంక చూశాడు. పెళ్లయ్యాక ఆయన నా వంక అంత ఇష్టంగా చూడటం అదే మొదలు. సరేనన్నా.

ఆ రాత్రంతా ఆలోచించాను. దేవుడు నాకు అక్షరం ఇవ్వలేదు గానీ జ్ఞాపకం ఇచ్చాడు. ఒకసారి విన్నది నా చెవిలో నుంచి బయటికి పోదు. (ఇప్పటికీ మా వాళ్లలో ఎవరు ఏ పెళ్లిలో ఎవరిని ఏమన్నారో తేలాలంటే నన్నే అడుగుతారు, ఆ తర్వాత అడిగినందుకు బాధపడతారు.) తెల్లారి దూలం సందులో నుంచి కాయితం తీసి మా ఆయన ముందు పెట్టి, "పంతులుగారు ఎట్టా చదివేవాడో ఒకసారి చదివి చూపించండి. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ తగ్గించాలో తెలియాలి గదా" అన్నా. ఆయన పొంగిపోయాడు. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "గాలికి ఎదురుగా నిలబడి మందు కొట్టరాదు. మందు కొట్టునప్పుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. మందు కలిపిన చేతులతో అన్నము తినరాదు, బీడీ కాల్చరాదు, కన్ను నలుపుకొనరాదు. ఖాళీ డబ్బాలను నీళ్లకు వాడరాదు. పిల్లలకు అందకుండ ఎత్తున ఉంచవలెను" అని చివరిదాకా చదివాడు. నేను రెండోసారి కూడా చదివించాను. మూడోసారి అక్కర్లేదు.

సందె చీకటి పడగానే పోటీ మొదలైంది. నేను చావిడి దగ్గర లైట్లకి వీపు పెట్టి నిలబడ్డా, కాయితం తల పక్కగా ఎత్తి పట్టుకుని. మా అత్త నాకెదురుగా చావిడి గడప మీద కూర్చుంది, కోడలి చదువు కళ్లారా చూద్దామని. కట్ట మీద నుంచి లారీ అన్నయ్య, "కానీ అమ్మాయ్!" అని కేక పెట్టాడు. కాయితం మీద వెలుగు పడింది. అక్షరాలు నల్లగా, బారుగా, ఒక్కొక్కటీ విడివిడిగా కనపడ్డాయి. వాటిని చూస్తే నాకు భయం వేసింది, చూస్తే నేర్చుకున్నది మర్చిపోతానేమోనని. కళ్లు గట్టిగా మూసుకుని, గొంతెత్తి, గాలికి ఎదురుగా నిలబడకూడదన్న దగ్గర మొదలుపెట్టి, ఎత్తున ఉంచవలెను దాకా ఆపకుండా చెప్పేశాను.

తర్వాత మా ఆయన లైటు. చివరిదాకా చెప్పాను. తర్వాత బాబాయ్ లైటు. దానికీ చివరిదాకా చెప్పాను, ఎవరినీ చిన్నబుచ్చడం ఎందుకని.

ముగ్గురి లైట్లూ అన్ని అక్షరాలూ చదివించడం అంతకు ముందెప్పుడూ జరగలేదు. "పంతులుకి చూపు తక్కువరా, ఇన్నాళ్లూ మన లైట్లని తక్కువ చేశాడు" అన్నాడు లారీ అన్నయ్య. ఆ మాట ముగ్గురికీ నచ్చింది. కట్ట దాటి అవతల తూము గట్టు మీదికి పోయారు. మళ్లీ "కానీ" అన్నారు, మళ్లీ ముగ్గురికీ చివరిదాకా చదివాను. ఇంకా వెనక్కి, రోడ్డు మీద మోరీ దగ్గరికి పోయారు. అక్కణ్ణుంచి చూస్తే మా చావిడి అగ్గిపెట్టెంత ఉంటది. నాకప్పుడు అర్థం కానిది ఒకటుంది. చదివే పనిలో చదవడం కంటే ఆపడం ముఖ్యమని నాకెవరూ చెప్పలేదు. పంతులుగారు అన్నాళ్లూ అక్కడ చేసిన పని ఆపడమే. నేనేమో ఎక్కువ చదివితే ఏడో తరగతి అని నమ్ముతారనుకుని ఇంకా గట్టిగా చదువుతున్నా.

మోరీ దగ్గర లారీ అన్నయ్యకి చదివాను. మా ఆయనకి చదివాను. బాబాయ్ వంతు వచ్చింది. ఆయన లైటు ఎత్తాడు, అన్నయ్య అలవాటు ప్రకారం "కానీ" అన్నాడు, అంతలో బల్బు మాడిపోయింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నా వీపు వాళ్లకి, నా కళ్లు మూసి ఉన్నాయి, వెలుగు ఉందో లేదో నాకేం తెలుసు? ఆ కటిక చీకట్లో, చుక్కల కింద, నా గొంతు ఖణీమని మోగింది. "మందు కలిపిన చేతులతో అన్నము తినరాదు. బీడీ కాల్చరాదు. కన్ను నలుపుకొనరాదు."

చివరిదాకా వచ్చాక కళ్లు తెరిచాను. చేతిలో కాయితం కూడా కనపడలేదు.

దూరంగా మా ఆయన గొంతు. "బాబాయ్, నీ లైటు వెలగలేదు గదా."

"వెలగలేదురా."

"మరి మా ఆవిడ దేన్ని చూసి చదివింది?"

నాయన గుర్తొచ్చాడు. సరిగ్గా అప్పుడు మా అత్త గడప మీద నుంచి లేచి, నాకంటే పెద్ద గొంతుతో, "నేనేరా అగ్గిపుల్ల గీసింది. కాలి మీద ఏదో పాకితే చూసుకున్నా" అంది.

కట్ట అవతల నుంచి ముగ్గురూ గోలెత్తారు. పోటీ మధ్యలో అగ్గిపుల్ల గీసే మనిషిని ఏమనాలి? లారీ అన్నయ్య, "అత్తా, నువ్వు పెద్దదానివి, నీకు తెలియదా?" అన్నాడు. మా ఆయన అంతకంటే ఎక్కువే అన్నాడు. ఆమె అన్నీ పడింది. ఒక్క మాట తిరిగి అనలేదు, మామూలుగా అయితే మా అత్త ఎవరి మాటా పడే మనిషి కాదు. పోటీ చెల్లదని తేల్చారు. వచ్చే శుక్రవారం మళ్లీ పెట్టుకుందామన్నారు. "ఒకే కాయితమైతే నోటికి అలవాటైపోద్ది. ఈసారి నేను కొత్తది తెస్తా, అక్కడే చేతికిస్తా" అన్నాడు లారీ అన్నయ్య.

ఇంటికి పోయి నేను పొయ్యి ముందు కూర్చున్నా. అత్త వచ్చి పీట లాక్కుని పక్కన కూర్చుంది. మా ఇంట్లో ఆమె దగ్గర అగ్గిపెట్టె ఉండదు, చుట్ట మానేసి అప్పటికి రెండేళ్లు.

"ఏమే, మొదటి లైటుకే కళ్లు మూశావు. నేను చూస్తానే ఉన్నా. ఎంతవరకు చదివావు?"

"రెండు, అత్తా."

"మీ నాయన ఏడన్నాడు."

నేను తలెత్తలేదు. ఆమె కాసేపు పొయ్యిలో కట్టెలు సర్దింది. సర్దడానికి అక్కడేమీ లేదు.

"మీ ఆయన పదో తరగతి పాసని మేం చెప్పాం గదా" అంది. "తప్పాడు. రెండుసార్లు. రెండోసారి లెక్కల పరీక్షనాడు గురజాలలో లైటు చూసుకుంటా కూర్చుని పరీక్షకే పోలేదు."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా నవ్వుకున్నాం. తర్వాత ఆమె గొంతు మార్చి, "వాడికి నువ్వే చెప్పు. నేను చెప్తే అత్త చాడీ చెప్పినట్టుంటది. శుక్రవారం దాకా ఆగమాక" అంది.

మంగళవారం పోయింది, బుధవారం పోయింది. నాకు తిండి లేదు. గురువారం మధ్యాహ్నం మా ఆయన వసారాలో ఆ రోకలిని విప్పి, ముక్కలన్నీ గోనెపట్టా మీద పరుచుకుని కూర్చున్నప్పుడు ఎదురుగా పోయి కూర్చున్నా. నాకు చదువు రాదని చెప్పా. రెండని చెప్పా. మా నాయన ఏడన్నది నా కోసమేనని, ఆయన్ని ఏమీ అనొద్దని, అనేదుంటే నన్ను అనమని చెప్పా. కాయితం నోటికి నేర్చుకుని కళ్లు మూసుకుని చదివానని కూడా చెప్పా.

ఆయన చేతిలో స్ప్రింగు అట్టాగే ఉండిపోయింది. మొహం చూస్తే ఏదో పెద్ద దెబ్బ తగిలినట్టే ఉంది. నేను నాయన ఇంటికి పోవాల్సి వస్తే ఏ బస్సు ఎక్కాలా అని ఆలోచిస్తున్నా.

చివరికి, "అయితే నా లైటు ఎంత దూరం పడినట్టు?" అన్నాడు.

"ఏంది?"

"కట్ట మీద నుంచి వేశాను గదా. కాయితం మీద పడిందా లేదా? ఉన్నదున్నట్టు చెప్పు."

"కట్ట మీద నుంచి అయితే బాగానే పడింది" అన్నా. "మీ వంతులో ఒకసారి ఓరకంట చూశా. అక్షరాలు నల్లచీమల్లాగా ఒక్కొక్కటీ కనపడ్డాయి. చదవడం రాదంతే."

"తూము దగ్గర నుంచి?"

"అప్పుడు కళ్లు తెరవలా."

ఆయన నిట్టూర్చి స్ప్రింగు లోపల పెట్టాడు. "తెరవాల్సింది" అన్నాడు. నా చదువు గురించి ఆయన ఆ రోజూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. కొన్నాళ్లకి ఒక పలక మాత్రం తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు. నేనీ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ పలక వల్లే.

శుక్రవారం లారీ అన్నయ్య కొత్త కాయితం జేబులో పెట్టుకుని వచ్చాడు. మా ఆయన అరుగు మీదే అందరి ముందూ, "మా ఆవిడకి చదవడం రాదు బావా. కాయితం వద్దు" అన్నాడు. లారీ అన్నయ్య నోరు తెరిచాడు. మా అత్త ఆయన వంక ఒక చూపు చూసింది, ఆయన మూసేశాడు. స్టవ్ బాబాయ్ గడ్డం గోక్కుని, "వెలుగు ఉందో లేదో చెప్పడానికి చదువెందుకురా? ఆ అమ్మాయికి ఏ పని బాగా వచ్చో ఆ పని చెయ్యమనండి" అన్నాడు.

నాకు బాగా వచ్చింది బియ్యం ఏరడం. ముగ్గురికీ తలా ఒక సోలెడు బియ్యం పోసింది అత్త, రాళ్లూ వడ్లూ ఉన్నవి. నేను చావిడి ముందు లైట్లకి వీపు పెట్టి చేట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా. కట్ట మీద నుంచి ఒకరి తర్వాత ఒకరు లైటు వేశారు. ఒక్కొక్కరికీ నూరు లెక్కపెట్టేదాకా ఏరాను, ఈసారి రెండు కళ్లూ తెరుచుకుని. ఏరిన బియ్యం అత్త లాంతరు ముందు పోసుకుని మిగిలిన రాళ్లు వెతికింది. ముగ్గురు మగవాళ్లూ కట్ట దిగొచ్చి ఆమె చుట్టూ గొంతుక్కూర్చున్నారు, కోర్టులో తీర్పు వినడానికి వచ్చినవాళ్ల మాదిరి. బాబాయ్ బియ్యంలో రెండే రాళ్లు మిగిలాయి. అన్నయ్య బియ్యంలో ఐదు. మా ఆయన బియ్యంలో లెక్క పదకొండు దాటాక ఆయనే, "చాల్లే అమ్మా" అన్నాడు.

"ఎందుకట్టా?" అని మా ఆయన నన్నడిగాడు. చెప్పకుండా ఉందామనుకున్నా. కానీ ఇక అబద్ధం ఆడే ఓపిక నాలో లేదు. "మీ లైటు చానా వెలుగు. కానీ బరువుకి మీ చెయ్యి ఒణికింది. వెలుగు చేటలో నిలబడలేదు. బాబాయ్ లైటు చిన్నదైనా కదల్లేదు" అన్నా. బాబాయ్ తన లైటుని రాయి మీద ఆనించి వేశాడట. అది రూలు ప్రకారం సరైందా కాదా అని ముగ్గురూ ఇంకో గంట వాదించుకున్నారు.

ఆ బియ్యమే ఆ పూట వండాం. మా ఆయన తలొంచుకుని తింటున్నాడు. నాలుగో ముద్ద దగ్గర ఆయన పంటి కింద రాయి పటుక్కుమంది. నోట్లో నుంచి తీసి వేలి కొన మీద పెట్టుకుని లాంతరు వైపు పట్టి చూసి, "ఇది ఎవరి లైటులో ఏరింది?" అని అడిగాడు.

"మీదే" అన్నా.

(మూడు సోలలూ ఒకే ఎసట్లో పడ్డాయి. అది ఎవరి రాయో చెప్పడం ఎవరి వల్లా కాదు. అయినా ఆ మాట ఆపుకోలేకపోయాను.)

ఆయన ఆ రాయిని కంచం అంచున జాగ్రత్తగా పెట్టి, మా అత్త వైపు తిరిగి, "నీ కోడలికి భయం పోయిందమ్మా" అన్నాడు. నాకు ఆ పూట ఆకలి తెలిసింది, ఎన్నాళ్లకో. ఒకసారి పెట్టుకున్నా, రెండోసారి పెట్టుకున్నా, మూడోసారి గిన్నె అడుగు గీకుతుంటే అత్త లేచి ఉట్టి మీద నుంచి పెరుగు దించి నా కంచంలో సగం కుండ ఒంపింది. ఇప్పుడు షుగరని డాక్టరు గుప్పెడు అన్నం తినమన్నాడు. ఆ గుప్పెడూ కలుపుకుంటుంటే ఒక్కోసారి ఆ పందొమ్మిదేళ్ల పిల్ల గుర్తొస్తది, పెరుగన్నం మోచేతి దాకా కారుతున్నా తుడుచుకోకుండా, ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా తింటున్న ఆ పిల్ల. మా ఆయన, "ఏంది, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?" అంటాడు. ఏమీ లేదంటాను.